తండ్రి రాసిన పుస్తకం, కమిటీ రాసిన పుస్తకం

"ఇది వాడాక నాకు నొప్పి తగ్గింది" అని ఒక రోగి చెబుతాడు. ఆ మాటకు వైద్యం ఎంత విలువ కట్టాలి? గంజాయిని మందుగా వాడడం గురించి అమెరికాలో యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదం ఎటు తిరిగినా ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. చట్టాలు, పోలీసు కేసులు, ఎన్నికలు, వ్యాపారం దాని చుట్టూ తర్వాత పేరుకున్నాయి. ఆ ప్రశ్నకు పొంతన లేని రెండు జవాబులు చెప్పిన రెండు పుస్తకాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మొదటిది హార్వర్డ్ మనోవైద్యుడు లెస్టర్ గ్రిన్‌స్పూన్, జేమ్స్ బకలార్‌తో కలిసి రాసిన 'మారిహువానా, ది ఫర్బిడెన్ మెడిసిన్'. 1993లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. 1997లో సవరించి మళ్లీ అచ్చయింది. రెండోది అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో వెలువరించిన నివేదిక, 'మారిహువానా అండ్ మెడిసిన్'. రెండింటికీ మధ్య ఆరేళ్ల ఎడం. చర్చించిన జబ్బులు చాలావరకు అవే, తిరగేసిన పాత పరిశోధనలూ చాలావరకు అవే. అయినా ఒకదాని తర్వాత ఒకటి చదివితే వాళ్లు చూసిన రోగులు వేరు, వీళ్లు చూసిన రోగులు వేరు అనిపిస్తుంది.

గ్రిన్‌స్పూన్ ఈ విషయంలోకి ఎలా వచ్చారో తెలిస్తే ఆయన పుస్తకం స్వభావం బోధపడుతుంది. 1967లో ఆయన గంజాయి ఎంత హానికరమో యువతకు శాస్త్రీయంగా చెప్పాలని కూర్చున్నారు. పాత పరిశోధనలు చదివేకొద్దీ, తాను అప్పటిదాకా నమ్మినదానికి సరైన ఆధారం దొరకలేదు. 1971లో వచ్చిన 'మారిహువానా రీకన్సిడర్డ్' ఆ చదువు ఫలితం. ఆ పుస్తకం తయారవుతున్న ఏళ్లలోనే ఆయన కొడుకు ల్యుకేమియాతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. 1967లో జబ్బు బయటపడేనాటికి అబ్బాయికి పదేళ్లు.

'ఫర్బిడెన్ మెడిసిన్'లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ అబ్బాయి కథే. 1971 నుంచి ఇచ్చిన కొత్త మందులతో గంటల తరబడి వాంతులు. మళ్లీ చికిత్స రోజు వస్తోందంటే ఇంటిల్లిపాదికీ భయం. 1972లో ఒక విందులో క్యాన్సర్ వైద్యుడు ఎమిల్ ఫ్రై ఒక సంగతి చెప్పారు. హ్యూస్టన్‌లో ఆయన చూసిన ఒక కుర్రాడు కీమోకి ముందు గంజాయి తాగితే వాంతులు కాలేదట. ఇంటికి వెళ్తూ తల్లి వెంటనే, మనమూ ప్రయత్నిద్దాం అంది. గంజాయి మీద పుస్తకమే రాసిన తండ్రి ఒప్పుకోలేదు. అది నేరం, కొడుక్కి ఇంత శ్రద్ధగా వైద్యం చేస్తున్నవాళ్లను ఇబ్బందుల్లోకి నెట్టలేను అన్నారు. తల్లి ఆగలేదు. కొడుకు స్నేహితుడి సాయంతో తెప్పించింది. తర్వాతి చికిత్స రోజు తండ్రి ఆసుపత్రికి చేరేసరికి ఇద్దరూ ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు. బయట కారు నిలిపినచోట అబ్బాయి అప్పటికే తాగేశాడు. ఆ రోజు వాంతులు కాలేదు. ఇంటికి వెళ్లే దారిలో శాండ్‌విచ్ కావాలన్నాడు. మర్నాడు తండ్రి వైద్యుడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశారు. అడ్డు చెప్పకండి, వచ్చేసారి ఇక్కడే మా ఎదుటే తాగనివ్వండి అన్నది వైద్యుడి జవాబు. అబ్బాయి 1973లో చనిపోయాడు. చివరి ఏడాది చికిత్స రోజులు మాత్రం మునుపటిలా లేవు.

ఈ కథకు బలం దుఃఖం వల్ల వచ్చింది కాదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఏం చెప్పినా మనం తలవంచి వింటాం, అలా వినడాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. గ్రిన్‌స్పూన్ వాడుకోలేదు. తాను వద్దన్నానని రాశారు, తన అభ్యంతరం ఏమిటో రాశారు, భార్య తెగువ చూపకపోతే ఇది జరిగేదే కాదని రాశారు. పిల్లవాడి స్థితిని విశేషణాలతో చెప్పకుండా తిండి అడిగాడన్న ఒక్క సంగతితో చెప్పారు. ఆకలి ఎవరైనా చూసి నిర్ధారించుకోగలిగిన మార్పు. వైద్యుడి పరిశీలన, తండ్రి మనసు ఒకే వాక్యంలో ఇమిడిన చోట్లు ఈ పుస్తకంలో ఇంకా ఉన్నాయి గానీ ఇంత నిక్కచ్చిగా కుదిరినవి తక్కువ.

కథ తర్వాత జరిగింది కూడా ముఖ్యం. గ్రిన్‌స్పూన్ ఫ్రైకి చెప్పారు, ఫ్రై సహచరులతో కలిసి ప్రయోగానికి దిగారు. గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీని నోటి మందుగా ఇచ్చి, కీమో వాంతుల మీద ప్లాసిబోతో, అంటే ఉత్తుత్తి మందుతో, పోల్చి చూసిన ఆ పరిశోధన 1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. విందులో విన్న మాట మూడేళ్లలో శాస్త్ర పత్రికకు ఎక్కింది. రోగి మాటా ప్రయోగమూ ఎదురెదురుగా నిలబడనక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కానీ గ్రిన్‌స్పూన్ పుస్తకం ముందుకు సాగేకొద్దీ ఈ రెండో సగాన్ని వదిలి మొదటి సగాన్నే పట్టుకుంటుంది. నా మొదటి అభ్యంతరం అక్కడే.

క్యాన్సర్, నీటికాసులు, మూర్ఛ, మల్టిపుల్ స్క్లెరోసిస్, వెన్నుపాము దెబ్బలు, ఎయిడ్స్, మైగ్రేన్, నెలసరి నొప్పి, ఎడతెగని దురద. జబ్బు తర్వాత జబ్బు వస్తుంది, ప్రతి జబ్బుకీ ఒకరిద్దరు తమ నోటితో తమ కథ చెబుతారు. ఎవరి గొంతు వారిదే. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ తన క్యాన్సర్ చికిత్స గురించి చెప్పినది కూడా అందులో ఉంది. మెదడును మసకబార్చే ఏ పదార్థాన్నీ ఇష్టపడని మనిషి, వికారం భరించలేక దీన్ని ఆశ్రయించిన తీరు చదవాల్సినది. వీటిని సాక్ష్యంగా ఎందుకు తీసుకోవాలో గ్రిన్‌స్పూన్ విడిగా వాదించారు. ఆస్పిరిన్, ఇన్సులిన్, పెన్సిలిన్ పనిచేస్తాయని తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగాలు అవసరం పడలేదు కదా అన్నది ఆయన వాదం. ఇన్సులిన్ విషయంలో అది నిజమే. స్పృహ తప్పిన పిల్లవాడు లేచి కూర్చుంటే ప్లాసిబో అక్కర్లేదు. నొప్పి అలాంటిది కాదు. అది తనంతట తాను పెరుగుతుంది, తగ్గుతుంది, ఆశ పెట్టుకున్నా తగ్గుతుంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ ఏబ్రమ్స్ బృందం హెచ్‌ఐవీ వల్ల నరాల నొప్పి వచ్చిన 50 మంది మీద చేసిన ప్రయోగంలో అసలు గంజాయి తాగినవాళ్లకు రోజువారీ నొప్పి 34 శాతం తగ్గింది. మత్తు పదార్థం తీసేసిన ఆకు తాగినవాళ్లకూ 17 శాతం తగ్గింది. మందుకు గుణం ఉందని ఈ అంకెలు చెబుతున్నాయి. అందులో సగం మందు లేకపోయినా వచ్చేదే అని కూడా అవే చెబుతున్నాయి. గ్రిన్‌స్పూన్ పుస్తకంలోని ఏ ఒక్క కథనంలోనూ ఈ రెండు పాళ్లను విడదీయలేం.

ఇక రెండో పుస్తకం. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 215ను గెలిపించి, వైద్యుడి సిఫారసుతో గంజాయి వాడుకోవచ్చన్నారు. వైట్‌హౌస్‌లో మాదకద్రవ్యాల నియంత్రణ విధానం చూసే కార్యాలయం 1997 జనవరిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్‌కు ఈ అధ్యయనం అప్పగించింది. గంజాయిని వ్యతిరేకించే కార్యాలయమే డబ్బిచ్చి చేయించిన పని కాబట్టి, జవాబు ముందే రాసిపెట్టి ఉంటుందని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. జాన్ బెన్సన్, స్టాన్లీ వాట్సన్ ముఖ్య పరిశోధకులుగా సాగిన ఆ పని నిజాయితీ ఈ రోజుకీ మెచ్చుకోదగినది. గంజాయి మరింత ప్రమాదకరమైన మత్తుమందులకు దారి తీస్తుందన్న ప్రచారానికి తగిన ఆధారం లేదని తేల్చింది. వాడినవాళ్లలో దానికి బానిసలయ్యేవాళ్లు 9 శాతం, మద్యానికి 15, పొగాకుకు 32 అని పట్టిక వేసి చూపింది. నొప్పి, వాంతులు, ఆకలి మందగించడం, ఈ మూడింట్లో గంజాయిలోని రసాయనాలకు ఔషధ విలువ ఉండగలదని రాసింది. పొగ రూపంలో మాత్రం దానికి వైద్యంలో భవిష్యత్తు లేదని అంతే స్పష్టంగా రాసింది. టీహెచ్‌సీని ఒంట్లోకి చేర్చడానికి పొగ మోటు సాధనం, మందుతో పాటు విషాన్నీ చేరుస్తుంది అన్నది కమిటీ వైఖరి.

రచనగా చూస్తే ఇది కష్టమైన పుస్తకం. ఒక మనిషి గొంతు వినిపించదు. ప్రతి వాక్యాన్నీ పదిమంది చూసి, అవతలివాడు పట్టుకోగల కొసలన్నీ కత్తిరించినట్టు ఉంటుంది. రోగుల మాటలు ఇందులోనూ ఉన్నాయి. కమిటీ వాళ్లను బహిరంగ సమావేశాలకు పిలిచి విన్నది, కాలిఫోర్నియాలో గంజాయి క్లబ్బులకు వెళ్లి చూసింది. కానీ ఆ మాటలు మొదటి అధ్యాయంలో గళ్లు గీసిన పెట్టెల్లో, పేర్ల బదులు పొడి అక్షరాలతో, అసలు వచనం పక్కన నిలబడతాయి. వాటి నుంచి ఏ నిర్ణయమూ పుట్టదు. గ్రిన్‌స్పూన్ దగ్గర కథే వాదం. కమిటీ దగ్గర కథ వాదానికి ముందు మర్యాదకోసం విన్న మాట. పెట్టె లోపలి వాక్యాలు చదివి, వెంటనే పెట్టె బయటి వాక్యాలు చదివితే ఆ తేడా మనసుకు గుచ్చుకుంటుంది.

అయితే గ్రిన్‌స్పూన్ చేయలేని పని ఒకటి ఈ నివేదిక చేసింది. గంజాయి ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పింది. టీహెచ్‌సీని ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోని 1964లో విడదీశారు. అది అతుక్కునే గ్రాహకం మెదడులో ఉందని 1988లో తేలింది. మన శరీరమే తయారుచేసుకునే అలాంటి పదార్థం 1992లో దొరికింది. నొప్పిని మోసే నాడుల దారిలో, వాంతిని నడిపే మెదడు భాగంలో ఈ గ్రాహకాలు ఉన్నాయి, శ్వాసను నడిపే చోట చాలా తక్కువ. మార్ఫిన్ ఎక్కువైతే ఊపిరి ఆగిపోవడానికి, గంజాయి ఎక్కువైతే అలా జరగకపోవడానికి కారణం అదే. ఇది తెలిశాక రోగులు దశాబ్దాలుగా చెబుతున్నది వట్టి భ్రమ కాదని ఒప్పుకోక తప్పదు. రోగి మాటకు కమిటీ ఇచ్చిన నిజమైన గౌరవం పెట్టెల్లో లేదు, ఈ అధ్యాయంలో ఉంది. దురదృష్టం ఏమిటంటే, రోగులకు అర్థం కాని అధ్యాయం కూడా ఇదే.

ఒక్కో జబ్బు దగ్గర రెండు పుస్తకాలూ ఏమన్నాయో చూద్దాం. వాంతుల విషయంలో ఇద్దరికీ పెద్ద తగువు లేదు. 1985 నుంచి టీహెచ్‌సీ గుళిక డ్రొనబినాల్ అమెరికాలో దొరుకుతోంది. ఆగకుండా కక్కుతున్న మనిషి కడుపులో గుళిక నిలవదు, నిలిచినా పనిచేయడానికి గంట పడుతుంది, పొగ నిమిషాల్లో పనిచేస్తుంది, ఎంత కావాలో అంత దగ్గర ఆపుకోవచ్చు. ఇది గ్రిన్‌స్పూన్ మాట. దీన్ని కమిటీ కాదనలేదు. తొంభైలలో ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందులు వచ్చాక చాలామందికి గంజాయి అవసరమే లేదని మాత్రం గుర్తుచేసింది. 1972లో ఆ అబ్బాయికి ఆ మందు లేదు. ఇవాళ క్యాన్సర్ వార్డులో ఉన్న పిల్లవాడికి ఉంది. గ్రిన్‌స్పూన్ చెప్పిన అత్యంత బలమైన కథ నిజమైనదే, కానీ దాని కాలం గడిచిపోయింది. ఆయన కథను ఈనాటి చికిత్సకు వాదంగా ఎత్తి చూపేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

నీటికాసుల దగ్గర విభేదం ముదురుతుంది. రాబర్ట్ రాండల్ అనే వాషింగ్టన్ ఉపాధ్యాయుడికి చూపు పోతుందని వైద్యులు చెప్పారు. గంజాయి తాగినప్పుడు దీపాల చుట్టూ కనబడే వలయాలు తగ్గుతున్నాయని అతను గమనించాడు, ఇంట్లో మొక్కలు పెంచాడు, అరెస్టయ్యాడు. 1976లో కోర్టు అతనిది వైద్య అవసరమని ఒప్పుకుంది. ఆ తర్వాత ప్రభుత్వమే తన మిసిసిపీ తోటలో పండించిన గంజాయిని అతనికి సరఫరా చేసింది. అదే దారిలో మరికొద్దిమందికీ ఇచ్చింది. 1992లో కొత్తవాళ్లకు ఆ తలుపు మూసేసింది. రాండల్ దశాబ్దాల పాటు చూపు నిలుపుకున్నాడు. గ్రిన్‌స్పూన్‌కు ఇది తిరుగులేని సాక్ష్యం. కమిటీ అంది: గంజాయి కంటి ఒత్తిడిని తగ్గిస్తుంది, నిజం. కానీ మూడు నాలుగు గంటలే. నీటికాసులు జీవితాంతం ఉండే జబ్బు. రేయింబవళ్లు తాగుతూనే ఉండాలి, అంత తాగితే వచ్చే కీడు మేలును మించిపోతుంది. ఇక్కడ నేను కమిటీ వైపే. రాండల్‌కు జరిగింది నిజం, అతను కోర్టులో గెలవడం న్యాయం. కానీ అతనికి తగినది నీటికాసులున్న లక్షలమందికి తగినది కాదు. ఇవాళ కంటి వైద్యులు చుక్కల మందులతో, శస్త్రచికిత్సతో ఇదే పని చేస్తున్నారు.

మూర్ఛ దగ్గరికి వస్తే లెక్క తారుమారవుతుంది. ఈ రెండు పుస్తకాలనూ కలిపి చదవాల్సిన అవసరం అసలు ఇక్కడే తెలుస్తుంది. గ్రిన్‌స్పూన్ మూర్ఛ రోగుల కథనాలకు తన పుస్తకంలో చోటిచ్చారు. 1839లో కలకత్తాలో విలియం ఓషానెస్సీ ధనుర్వాతానికి, పసిబిడ్డకు వచ్చిన ఫిట్స్‌కు గంజాయి సారం వాడి చూసి రాసిన చరిత్ర నుంచి వచ్చిన తీగ అది. కమిటీ మూర్ఛ మీద పెద్ద ఆశ పెట్టుకోలేదు. దాని మూడు ముఖ్య లక్షణాల జాబితాలో ఫిట్స్ లేవు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 2018 జూన్‌లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గంజాయి మొక్క నుంచి తీసిన మందుకు మొట్టమొదటిసారి అనుమతి ఇచ్చింది. అది ఫిట్స్‌కే. డ్రావే సిండ్రోమ్, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే రెండు తీవ్రమైన బాల్య మూర్ఛలకు ఎపిడియోలెక్స్. జబ్బును సరిగ్గా చూపింది కథలే.

కానీ ఆ మందు పొగ కాదు, ఆకు కాదు, మత్తు కలిగించే టీహెచ్‌సీ కూడా కాదు. శుద్ధి చేసిన కన్నబిడయాల్ అనే ఒకే ఒక్క పదార్థం, నూనెలో కలిపి, కొలిచిన మోతాదుతో, సీసాలో. మందు ఏ రూపంలో రావాలో చెప్పింది కమిటీ. ఒకరు చోటు చూపారు, ఇంకొకరు పనిముట్టు చూపారు, ఇద్దరూ ఒకరి మాట ఒకరు సగమే విన్నారు.

ఆ అనుమతికి ముందు 2017లో డ్రావే పిల్లల మీద జరిగిన ప్రయోగంలో ఒక అంకె ఉంది. రోగి మాట గురించి ఆలోచించే ఎవరైనా దాన్ని మరిచిపోకూడదని నా కోరిక. 120 మంది పిల్లలు, యువకులు. నిజం మందు తీసుకున్నవారిలో 43 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ 27 శాతం మందికి అంతే తగ్గాయి. ఆ రెండో గుంపులోని తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడిగితే నాలుగోవంతుకు పైగా మా బిడ్డకు సగం నయమైందని చెప్పేవారు, అందులో ఒక్క అబద్ధమూ ఉండదు. పుస్తకంలో వేస్తే గ్రిన్‌స్పూన్ పుటల్లో ఉన్నంత కదిలించే కథలయ్యేవి. మంచి మనిషి, కళ్లారా చూసిన మనిషి, బిడ్డ కోసం ప్రాణం పెట్టే మనిషి కూడా మందుకూ కాలానికీ తేడా ఇంట్లో కూర్చుని కనిపెట్టలేరు. 43కీ 27కీ మధ్య ఉన్న ఖాళీయే మందు. ఆ ఖాళీని కొలవడానికి కమిటీ అడిగిన పద్ధతి తప్ప వేరే దారి లేదు.

కొలతను అంత నమ్మేవాళ్లకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఇంకో పాఠం చెబుతుంది. ఇన్‌స్టిట్యూట్ వారసులు, అంటే అమెరికా జాతీయ అకాడమీలు, 2017లో అదే అంశం మీద మళ్లీ పెద్ద సమీక్ష చేశారు. కండరాలు బిగుసుకుపోవడం గంజాయి మందులతో తగ్గిందని రోగులు చెప్పిన దానికి గట్టి ఆధారం ఉందన్నారు. వైద్యుడు చేత్తో పట్టుకుని కొలిచినప్పుడు కనబడిన మార్పుకు ఆధారం కొంతే ఉందన్నారు. ఏది నిజం? బిగుసుకున్న కాలితో రాత్రి నిద్రపోవలసింది వైద్యుడు కాదు. రోగి చెప్పిన మాటనే పద్ధతిగా, ప్లాసిబోతో పోల్చి, లెక్కగట్టవచ్చని ఇక్కడ తేలింది. గ్రిన్‌స్పూన్ రోగిని నమ్మారు, పెద్ద ప్రయోగాల లెక్క అక్కర్లేదన్నారు. 1999 కమిటీ లెక్కను నమ్మింది, రోగిని పెట్టెలో పెట్టింది. రోగినే లెక్కించే మూడో పని తర్వాతి తరం చేసింది. దీర్ఘకాలిక నొప్పి మీద మాత్రం ఈ రోజుకీ ఏకాభిప్రాయం లేదు. 2017 సమీక్ష పెద్దవాళ్ల నొప్పికి గట్టి ఆధారం ఉందంటే, నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2021లో సాధారణ వాడకాన్ని సమర్థించలేమంది.

గ్రిన్‌స్పూన్ పుస్తకంలో అసలు లేనివాళ్లున్నారు. వాడి చూసి గుణం కనబడక మానేసినవాళ్లు, తల తిరిగి భయపడ్డవాళ్లు, ఎప్పుడూ మత్తు ఎరగని ముసలివాళ్లు. కమిటీ వాళ్లను గుర్తుపెట్టుకుంది. గంజాయి కలిగించే మానసిక స్థితి కొందరు రోగులకు, ముఖ్యంగా అలవాటు లేని వృద్ధులకు, ఇబ్బంది కావచ్చని రాసింది. తన కథ చెప్పడానికి ఉత్తరం రాసేవాడు బాగుపడినవాడే. బాగుపడనివాడు ఉత్తరం రాయడు. ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం గ్రిన్‌స్పూన్ పుస్తకంలోని పెద్ద లోపం. పైగా ఆయన రాసిననాటి ఆకు వేరు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం ఉంటే 2014కి 12 శాతానికి చేరింది. ఆయన భరోసాలు పాత మోతాదు మీద ఇచ్చినవి.

నివేదిక తప్పించుకున్న విషయాలూ చిన్నవి కావు. చట్టాన్ని అమలు చేయడం, మార్చడం మా పరిధి కాదంది. రోగి జైలుకు వెళ్లే అవకాశం ఉన్నప్పుడు అది ఆరోగ్య విషయం కాకుండా ఎలా పోతుంది? అన్నిటికంటే డబ్బు సంగతి. ఎవరూ పేటెంటు పొందలేని మొక్క మీద కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఏ కంపెనీ ప్రయోగాలు చేస్తుంది, చేస్తే రోగి కొనగల ధరకు ఇస్తుందా అని గ్రిన్‌స్పూన్ అడుగుతూనే వచ్చారు. మందు తయారీ గురించి నివేదికలో ఒక అధ్యాయమే ఉంది, పేటెంటు, ఖర్చుల చర్చ అందులో ఉంది గానీ సిఫారసులు మాత్రం ఈ చిక్కును ముట్టుకోలేదు. ఎపిడియోలెక్స్ వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన జాబితా ధర ఏడాదికి దాదాపు 32,500 డాలర్లు. 2021లో ఆ కంపెనీని ఇంకో కంపెనీ 720 కోట్ల డాలర్లకు కొన్నది. శాస్త్రంలో కమిటీ మాట ఎంత నిజమైందో, ఖర్చులో గ్రిన్‌స్పూన్ మాట అంతే నిజమైంది.

ఇన్ని విభేదాల నడుమ రెండు పుస్తకాలూ కలుసుకున్న చోటు ఒకటుంది. దాని గురించి ఇరువైపుల వాళ్లూ ఎక్కువ మాట్లాడలేదు. నివేదికలో ఆరో సిఫారసు. ఉన్న మందులన్నీ వాడి చూసినా గుణం లేని, తీవ్రమైన నొప్పితోనో వాంతులతోనో నలుగుతున్న రోగికి ఆరు నెలలు మించకుండా గంజాయి పొగను అనుమతించవచ్చని కమిటీ రాసింది. షరతులు నాలుగు. మిగతా మందులు విఫలమైనట్టు రాతపూర్వకంగా ఉండాలి. త్వరగా పనిచేసే మందుతో ఆ బాధ తగ్గుతుందని సమంజసంగా ఆశించగలగాలి. గుణం ఎంతో చూసేలా వైద్యుడి పర్యవేక్షణలో సాగాలి. వైద్యుడు అడిగిన 24 గంటల్లోగా జవాబిచ్చే పరిశీలక సంఘం ఉండాలి. పొగను అంత గట్టిగా తోసిపుచ్చిన పుస్తకంలో, చావుకు దగ్గరైనవాడికి ఊపిరితిత్తుల దీర్ఘకాలిక హాని గురించి చెప్పడంలో అర్థం లేదని ఒప్పుకున్న పుట ఇది. అబ్బాయి తండ్రి రాసినా ఇలాగే రాసేవారు. గ్రిన్‌స్పూన్ కూడా ఒకే రోగి మీద చేసే పరీక్షను, కొన్నాళ్లు మందుతో కొన్నాళ్లు మందు లేకుండా చూసి పోల్చుకోవడాన్ని, సమర్థించినవారే.

ఆ సిఫారసును ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వానికి అది మరీ ఉదారం, ఉద్యమకారులకు మరీ సంకుచితం. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఓటింగుతోనో చట్టంతోనో తలుపులు తెరిచింది. ఇవాళ ముప్పైకి పైగా రాష్ట్రాల్లో వైద్య గంజాయి ఉంది. వైద్యుడు సిఫారసు రాస్తాడు, రోగి దుకాణానికి వెళ్తాడు, ఏ రకం ఎంత తీసుకోవాలో చాలాసార్లు కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మకందారు చెబుతాడు. ఏది తీసుకున్నాడు, ఎంత తగ్గింది, ఎప్పుడు మానేశాడు అన్నది రాసిపెట్టే బాధ్యత ఎవరిదీ కాలేదు. లక్షలమంది ఇన్నేళ్లు వాడాక కూడా నొప్పి మీద రెండు పెద్ద సంస్థలు రెండు మాటలు చెబుతున్నాయంటే, ఆరో సిఫారసును వదిలేయడం వల్ల జరిగిన నష్టం కూడా అందులో ఉంది.

ఇది మనకూ సంబంధించినదే. తెలుగు పత్రికల్లో గంజాయి పోలీసు వార్త. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టిన ఫొటోలు అందరం చూశాం. మన్యంలో కొండవాలు పంట వేసి జైలుకు వెళ్లిన గిరిజనుల సంగతి వేరే పెద్ద వ్యాసం. ఈ శబ్దంలో రోగి ఎక్కడా కనబడడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. గంజాయి నిర్వచనంలో పూతగుత్తులు ఉన్నాయి, వాటి నుంచి విడదీసిన ఆకు లేదు. ఆ సందులోంచి ఆయుర్వేద లైసెన్సుల మీద ఆకు నుంచి తీసిన నూనెలు 'విజయ' పేరుతో అమ్ముడవుతున్నాయి. ఫోన్‌లో వైద్యుడితో మాట్లాడితే చీటీ వస్తుంది, కొరియర్‌లో సీసా వస్తుంది. క్యాన్సర్ నొప్పికి, నిద్రకు, కీళ్లకు అని కుటుంబాలు కొంటున్నాయి. బాగుందన్నవాళ్ల మాట ప్రకటన అవుతోంది. బాగులేదన్నవాళ్ల మాట ఎక్కడా నమోదు కావడం లేదు. గ్రిన్‌స్పూన్ పుస్తకంలోని లోపమంతా అందులో ఉంది, ఆయన నిజాయితీ మాత్రం లేదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అతి ప్రమాదకరమైన నాలుగో షెడ్యూలు నుంచి తీసేసే తీర్మానం 27-25 ఓట్లతో నెగ్గింది. తీసేయాలన్న 27లో భారత్ ఒకటి. అంతర్జాతీయ వేదికమీద మందని ఒప్పుకున్న దేశం ఇంట్లో దాన్ని కొలవడానికి ఏర్పాటు చేయాలి కదా.

మార్ఫిన్ విషయంలో ఈ దేశం ఒకసారి దెబ్బతింది. అదే 1985 చట్టం భయంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో సవరణ వచ్చేదాకా క్యాన్సర్ రోగులు ఎందరో నొప్పితోనే పోయారు. అయినా హైదరాబాద్ లాంటి చోట్ల ఉపశమన చికిత్స విభాగాలు నిలదొక్కుకున్నాయి. అక్కడ ప్రతిసారీ రోగిని, సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత అని అడిగి కేసు షీటులో రాస్తారు. మోతాదు ఆ అంకెను బట్టి మారుతుంది. మార్ఫిన్‌తో కూడా ఆరేడు దగ్గరే ఆగిపోయినవాళ్లు, నరాల నొప్పికి ఏ మందూ పట్టనివాళ్లు ఆ షీట్లలో ఇప్పటికే ఉన్నారు. నాణ్యత తెలిసిన నూనెను, ఏది నిజం మందో ఏది కాదో రోగికి చెప్పకుండా, రెండు వారాలు ఒకటి రెండు వారాలు ఇంకొకటి ఇచ్చి, అదే షీటులో అదే అంకె రాయించవచ్చు. అందుకు ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి కావాలి, ఔషధ నియంత్రణ అధికారి సంతకం కావాలి, మందు ఉచితంగా ఇచ్చే నిధి కావాలి. 1999లో ఒక కమిటీ అడిగినదీ దాదాపు ఇంతే. ఈ పని మొదలుపెట్టమని మన క్యాన్సర్ ఆసుపత్రులనూ, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ అడుగుతున్నాను.